నా వంతు ఎప్పుడు, అమ్మమ్మా?

పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ దాకా అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. న్యూజెర్సీ రాష్ట్రం. మనవరాలికి ఆరేళ్లు. నేను వెళ్లిన వారానికే ఆ పిల్లను ఊళ్లోని పిల్లల టీబాల్ లీగ్‌లో చేర్పించారు. చేర్పించిన రోజున ఒక టోపీ, ఒక చొక్కా, రెండు పేజీల కాగితం ఇచ్చారు. టోపీ, చొక్కా పిల్ల తీసుకుంది. కాగితం ఎవరూ చూడలేదు, వంటింట్లో బల్ల మీద పడి ఉంది. ముప్ఫయ్యేళ్లుగా సంఘం పనిలో ఉన్నదాన్ని కనక అచ్చులో ఉన్న కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. ఉపాధిహామీ కాగితమైనా, రేషను షాపు బోర్డయినా, పిల్లల ఆటకు రాసిన నియమాలైనా నాకు ఒకటే. ఇందులో ఎవరికి ఏం ఇచ్చారు, ఎవరిని మర్చిపోయారు అని చూస్తాను.

ఈ ఆట తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఇది బేస్‌బాల్‌కి చిన్నపిల్లల రూపం. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలు ఆడతారు. ఆ వయసులో ఎగిరి వచ్చే బంతిని కొట్టడం కష్టం కాబట్టి బంతిని ఎవరూ విసరరు. నడుమెత్తున ఒక రబ్బరు గొట్టం నిలబెట్టి దాని మీద బంతి పెడతారు. దాన్నే టీ అంటారు. పిల్ల ఎత్తును బట్టి దాన్ని పైకీ కిందికీ జరపొచ్చు. బంతి మామూలు బేస్‌బాల్ కంటే మెత్తగా ఉంటుంది. తలకు హెల్మెట్ తప్పనిసరి. పిల్ల బంతిని కొట్టి మొదటి బేస్‌కి పరుగెత్తాలి, అక్కడి నుంచి రెండోది, మూడోది, చివరికి బయల్దేరిన చోటికి రావాలి. అవతలి జట్టు పిల్లలు బంతి పట్టుకుని ఆపాలి. అంతే ఆట.

ఇక కాగితంలో ఏముందో చెప్తాను. జట్టులో ఉన్న ప్రతి పిల్లా ప్రతి ఇన్నింగ్స్‌లో ఒకసారి బ్యాటు పట్టాలి. అందరి వంతూ అయ్యాకే ఇన్నింగ్స్ ముగుస్తుంది. ఎవరినీ బయట బెంచీ మీద కూర్చోబెట్టకూడదు, ఫీల్డింగులో జట్టు మొత్తం మైదానంలోనే ఉండాలి. ఏ పిల్లా రెండు ఇన్నింగ్సులు వరసగా ఒకే చోట నిలబడకూడదు, బేసుల దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి, వెనక ఉన్నవాళ్లు బేసుల దగ్గరకి మారాలి. పరుగులు లెక్కపెట్టకూడదు. గెలుపూ ఓటమీ ప్రకటించకూడదు. తల్లిదండ్రులు గట్టిగా అరిచి పిల్లలను తిట్టకూడదు.

చదివాక చాలాసేపు ఆ కాగితం పట్టుకునే కూర్చున్నాను. వంతు అనేది కోచ్ మంచితనం మీద, పిల్ల నైపుణ్యం మీద, తండ్రి పలుకుబడి మీద వదిలెయ్యకుండా అచ్చులో రాసి పెట్టారు. జట్టులో పేరుంటే వంతు ఉన్నట్టే. మనం ఇన్నేళ్లుగా ఏ హక్కు గురించి మాట్లాడినా అడిగింది ఇదే కదా అనిపించింది.

కానీ రాసి ఉండడం వేరు, జరగడం వేరు. ఈ సంగతి మన పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ప్రతి శనివారం పొద్దున ఆట. మడతకుర్చీలు వేసుకుని తల్లిదండ్రులు చుట్టూ కూర్చుంటారు. మొదటి శనివారం మా మనవరాలు నాలుగు ఇన్నింగ్సులూ వెనక గడ్డిలోనే నిలబడింది. ఆ వయసు పిల్లలు కొడితే బంతి అంతదూరం రానే రాదు. రెండో శనివారం కూడా అంతే. మూడో శనివారం కూడా అంతే. జట్టులో ఉన్న నలుగురు ఆడపిల్లలదీ దాదాపు అదే పరిస్థితి. బేసుల దగ్గర ఎప్పుడూ అదే నలుగురైదుగురు మగపిల్లలు. బ్యాటింగు మాత్రం అందరికీ వచ్చింది, అది నిజం. ఫీల్డింగులో చోటు మార్చాలన్న నియమం ఒక్కటే ఎవరికీ గుర్తు రాలేదు.

మూడో వారం మా పిల్ల గడ్డిలో కూర్చుని పసుపు పూలు కోసి వరసగా పేర్చుకుంటోంది. పక్క కుర్చీలో ఉన్నావిడ నవ్వి, ఆడపిల్లలకి ఆట కంటే పూలే ఇష్టం అంది. మంచి మనిషే, ద్వేషంతో అన్న మాట కాదు. కానీ నాకు మనసులో చివుక్కుమంది. బంతి రాని చోట నిలబెడితే ఏ పిల్లయినా పూలు కోసుకోక ఏం చేస్తుంది? ముందు బంతికి దూరంగా పెడతాం. తర్వాత ఆ పిల్లకు బంతి మీద ధ్యాస లేదంటాం. ఆ తర్వాత ధ్యాస లేదు కాబట్టి బంతికి దూరంగా పెట్టామంటాం. ఇంటి ఖర్చుల లెక్కల దగ్గర, పొలం కాగితాల దగ్గర, సంఘం బ్యాంకు పుస్తకం దగ్గర మన ఆడవాళ్ల విషయంలో జరిగేదీ ఇదే.

ఇంకో సంగతి కూడా చూశాను. ఆట మధ్యలో పిల్లలకు పళ్లూ బిస్కెట్లూ తెచ్చే జాబితా ఒకటి ఉంది. అందులో ఉన్న పేర్లన్నీ తల్లులవే. జట్టును ఆడించేవాళ్లందరూ తండ్రులే. దాన్ని ఎవరూ నియమంగా రాయలేదు. రాయనక్కర్లేకుండానే నడిచే నియమం అది.

ఆ సాయంత్రం కారులో మా మనవరాలు, "నా వంతు ఎప్పుడు, అమ్మమ్మా? ఫస్ట్ బేస్‌లో నిలబడే వంతు?" అని అడిగింది. ఇంటికొచ్చి మా అమ్మాయికి కాగితం చూపించి, కోచ్‌ని అడగమన్నాను.

"వద్దులే అమ్మా. ఆయన జీతం తీసుకోకుండా వచ్చి ఆడిస్తున్నాడు. మనం పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లం. ప్రతిదానికీ గొడవ పడతారు అనుకుంటారు" అంది.

నేను నా పద్ధతిలో వాదించాను. హక్కు, వివక్ష, నిశ్శబ్దం అన్నీ చెప్పాను. మా అమ్మాయి అంతా విని చాలా మెల్లగా, "ఎనిమిదో తరగతిలో నేను ఖోఖో జట్టులో సెలెక్టయ్యాను, గుర్తుందా? జిల్లా పోటీలకు పంపే కాగితం మీద నువ్వు సంతకం పెట్టలేదు" అంది.

గుర్తుంది. రెండు రోజులు ఊరు దాటి వెళ్లాలి, వెంట వచ్చేది మగ డ్రిల్లు మాస్టారు, పడుకునేది ఏదో బడి వరండాలో. నాకు భయం వేసింది. ఆ భయం నిజమైనదే. కానీ నేనేం చేసి ఉండాల్సింది? ఆడపిల్లల వెంట ఒక టీచరమ్మను పంపమని, తలుపు గడియ ఉన్న గది ఇమ్మని అడగాల్సింది. అవసరమైతే నేనే వెంట వెళ్లాల్సింది. ఊరూరా తిరిగి ఆడపిల్లలను బడి మాన్పించొద్దని మీటింగులు పెట్టినదాన్ని, నా ఇంట్లో పిల్లకు మాత్రం "పరుగులెందుకే, చదువుకో" అన్నాను. భద్రత లేనప్పుడు భద్రత అడగకుండా ఆడపిల్లను ఇంట్లో ఆపెయ్యడం మనకి ఎంత తేలికో నా సంతకం లేని ఆ కాగితమే సాక్ష్యం.

మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాతి శనివారం ఆట మొదలుకాకముందే మా అమ్మాయి కాగితం తీసుకుని కోచ్ దగ్గరికి వెళ్లింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. పిల్లకు ఇంకా బంతి పట్టడం రాదు, మొహానికి తగులుతుందని భయం అన్నాడు. బంతి మెత్తనిదే కదా, మగపిల్లలకు పట్టడం వచ్చా, అని మా అమ్మాయి అడిగింది. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, నిజమే, మర్చిపోయాను అన్నాడు. ఆ రోజు మా మనవరాలు ఫస్ట్ బేస్‌లో నిలబడింది. మొదటి బంతి కాళ్ల మధ్య నుంచి పోయింది. రెండోది మోకాలికి తగిలింది. మూడోదాన్ని రెండు చేతులతో నేలకు అదిమి పట్టి ఆపింది. ఎవరినీ అవుట్ చెయ్యలేదు. ఆకాశమేమీ విరిగి పడలేదు. మిగతా ముగ్గురు ఆడపిల్లలకూ, ఎప్పుడూ వెనకే ఉండే ఇద్దరు మెతక మగపిల్లలకూ కూడా ఆ రోజు నుంచి చోటు మారింది. ఈ చివరి సంగతి ముఖ్యం. ఆడపిల్ల కోసం అడిగిన నియమం వల్ల, నోరులేని మగపిల్లవాడికి కూడా వంతు వచ్చింది.

ఇంతకీ ఆడపిల్లకు ఆ టోపీ ఎలా వచ్చింది? దాని వెనక ఒక పోరాటం ఉంది. మా అమ్మాయి ఇంటి నుంచి హోబోకెన్ అనే ఊరు గంట ప్రయాణం కూడా లేదు. ఆ కథంతా అక్కడే జరిగింది.

అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కి పెద్ద సంస్థ లిటిల్ లీగ్. 1939లో మగపిల్లల కోసమే మొదలైంది. 1950లో న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్నింగ్ ఊళ్లో క్యాథరిన్ జాన్‌స్టన్ అనే అమ్మాయి జుట్టు టోపీలో దాచుకుని, మగపేరు పెట్టుకుని జట్టులో చేరింది. ఫస్ట్ బేస్‌లో ఆడింది. ఆడపిల్లనని తనే చెప్పాక కూడా ఆమె కోచ్ ఆడనిచ్చాడు. కానీ ఆ తర్వాత ఆడపిల్లలు ఆడకూడదని సంస్థ నియమం రాసింది. అంటే, అంతవరకూ రాయాల్సిన అవసరం కూడా వాళ్లకు కనిపించలేదు. ఒక పిల్ల ఆడి చూపించాక తలుపు వేసి గడియ పెట్టారు.

1972లో హోబోకెన్‌లో పన్నెండేళ్ల మరియా పెపె మూడు ఆటలు ఆడింది. ఆమెను తీసెయ్యకపోతే ఊరి లీగ్‌కి గుర్తింపు రద్దు చేస్తామని పైసంస్థ బెదిరించింది. ఆమె ఆట ఆగిపోయింది. నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ విమెన్ అనే స్త్రీల సంస్థ ఆ పిల్ల తరఫున న్యూజెర్సీ పౌరహక్కుల విభాగంలో ఫిర్యాదు చేసింది. విచారణలో లిటిల్ లీగ్ వాళ్లు నిపుణుల చేత ఏం చెప్పించారో తెలుసా? ఆడపిల్లల ఎముకలు బలహీనం, వాళ్లు చురుగ్గా స్పందించలేరు, దెబ్బలు తగులుతాయి అని. మన డ్రిల్లు మాస్టార్లు, మన నాయనమ్మలు చెప్పిన మాటలే, సైన్సు చొక్కా తొడుక్కుని వచ్చాయి. విచారణాధికారి సిల్వియా ప్రెస్లర్ అనే స్త్రీ. 1973లో ఆమె ఆ వాదనను తోసిపుచ్చి ఆడపిల్లలను చేర్చుకోవాలని తీర్పిచ్చారు. 1974 మార్చిలో పైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఆడపిల్లలను చేర్చుకోవడం కంటే ఆటలు ఆపెయ్యడమే మేలనుకున్న లీగులు కూడా ఆ రాష్ట్రంలో ఉన్నాయి. చివరికి ఆ ఏడాదే లిటిల్ లీగ్ దేశమంతటా తలుపు తెరిచింది. 1974 డిసెంబరులో అమెరికా పార్లమెంటు ఆ సంస్థకు ఇచ్చిన చట్టాన్ని సవరించింది. మగపిల్లలు అన్న చోట పిల్లలు అని అర్థం వచ్చే మాట పెట్టారు. ఆట నేర్పవలసిన గుణాల్లో పౌరధర్మం, క్రీడాస్ఫూర్తి పక్కన పురుషత్వం అని కూడా రాసి ఉండేది. ఆ మాట కొట్టేశారు.

మరియా పెపెకు మాత్రం అప్పటికి వయసు దాటిపోయింది. ఆమె గెలిచిన ఆట ఆమె ఆడలేదు. మన ఉద్యమాల్లో ఇలాంటివాళ్లు ఎంతమంది! 1992లో నెల్లూరు జిల్లాలో సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్లలో, ఆ ఫలితం తమ ఇంట్లో చూడకుండానే పోయిన వాళ్లు నాకు తెలుసు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు కూడా. తలుపు తెరిచిన 1974లోనే ఆ సంస్థ ఆడపిల్లల కోసం సాఫ్ట్‌బాల్ విభాగం పెట్టింది. సాఫ్ట్‌బాల్ మంచి ఆటే, దాన్ని తక్కువ చెయ్యను. కానీ టీబాల్‌లో కలిసి ఆడిన పిల్లల్లో, కాస్త పెద్దయ్యేసరికి ఆడపిల్లలను అటు వెళ్లమని చెప్పడం మామూలైపోయింది. చట్టంలో అడ్డం లేదు. అలవాటులో ఉంది. అందుకే 2014లో మోనే డేవిస్ అనే పదమూడేళ్ల నల్లజాతి అమ్మాయి లిటిల్ లీగ్ ప్రపంచ పోటీల్లో బంతి విసిరి, అవతలి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలిపిస్తే దేశమంతా ఆశ్చర్యపోయింది. నలభయ్యేళ్ల తర్వాత కూడా ఆశ్చర్యపోయారంటే అర్థమేమిటి?

ఇక మన సంగతి. అమెరికా పిల్లల ఆటతో మనకేం పని అని కొందరు కార్యకర్తలు అడగొచ్చు. మనకు భ్రూణహత్యలున్నాయి, బాల్యవివాహాలున్నాయి, తాగునీళ్లు లేవు, ఆట ఒక సమస్యా అనొచ్చు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కానీ బాల్యవివాహానికి ముందు మెట్టు ఏది? పెద్దమనిషి కాకముందే ఆడపిల్లను వీధిలో నుంచి లోపలికి పిలిచెయ్యడం. మా చిన్నప్పుడు బిళ్లంగోడు మగపిల్లలది, తొక్కుడుబిళ్ల ఆడపిల్లలది. ఒకటి వీధి పొడుగునా సాగుతుంది, ఇంకోటి నాలుగు గీతల మధ్య ఒంటికాలి మీద. పన్నెండేళ్లకు ఆ గీతలు కూడా చెరిపేసి అచ్చనగాయలు ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లు. వీధి ఎవరిదో పిల్లలు నేర్చుకునేది అక్కడే.

ఇది దయతో అడిగే విషయం కూడా కాదు. 1989 బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం ఆట పిల్లల హక్కు అంటోంది. దాన్ని మన దేశం 1992లో అంగీకరించింది. స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే 1979 అంతర్జాతీయ ఒప్పందం 10వ అధికరణం, క్రీడల్లో ఆడపిల్లలకు సమాన అవకాశం ఉండాలంటోంది. దాన్ని 1993లో అంగీకరించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలి. ఉన్న చోట ఆ స్థలంలో ఎవరు ఆడుతున్నారో ఒక పూట నిలబడి చూడండి. మధ్యలో క్రికెట్. గోడ వారన ఆడపిల్లలు. ఉన్న ఒక్క బంతీ ఎవరి చేతిలో ఉంటుందో చెప్పక్కర్లేదు. 2025 నవంబరులో మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచకప్ గెలిచినప్పుడు, ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నందుకు నేనూ పొంగిపోయాను. కానీ ఒక్క శ్రీచరణిని చూపించి, ఆడగలిగిన వాళ్లు ఎలాగైనా ఆడతారు అంటే ఒప్పుకోను. వంతు అడిగేది గొప్పగా ఆడేవాళ్ల కోసమే కాదు. మామూలుగా ఆడే పిల్లకు, అసలు ఆట రాని పిల్లకు కూడా.

కొందరు మిత్రులు రిజర్వేషన్లను ఈ టీ గొట్టంతో పోలుస్తారు. నడక వచ్చేదాకా ఊతం, తర్వాత తీసెయ్యాలి అంటారు. ఈ పోలిక తప్పు. గొట్టం చిన్నపిల్లలందరికీ ఒకటే, ఆడా మగా తేడా లేకుండా వాళ్లందరికీ అది అవసరం. రిజర్వేషన్ పోలాల్సింది దానితో కాదు, ప్రతి పిల్లకూ వంతు రావాలన్న నియమంతో. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు వచ్చినప్పుడు అన్నారు కదా, వాళ్లకేం తెలుసు అని. కుర్చీలో భర్త కూర్చుని, ఆమెను గుమ్మం దగ్గర నిలబెట్టి, చూశారా ఆమెకు ఆసక్తి లేదు అన్నారు. జట్టులో పేరు ఉంది, చోటు మాత్రం వెనక గడ్డిలో. పేరుతో పాటు చోటు కూడా మారాలని నియమంలో రాయించుకోవాలి. రాసిన కాగితం చేత్తో పట్టుకుని అడిగే మనిషి గట్టు మీద ఉండాలి.

పరుగులు లెక్కపెట్టకపోతే పిల్లలకు పోటీతత్వం ఎలా వస్తుందని మా అల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పోటీ చెడ్డదని నేననను. పదేళ్లకు, పన్నెండేళ్లకు లెక్కపెట్టుకోనివ్వండి. కానీ ఆరేళ్లకే గెలుపు లెక్కలోకి వస్తే, ముందు బయటికి పోయేది ఇంట్లో ఎవరూ బంతి విసిరి నేర్పని పిల్ల. మన ఇళ్లలో ఆ పిల్ల ఎవరో మనకు తెలుసు.

కాబట్టి నా సూచన చిన్నది. మన సంస్థలు బాలల మేళాలు పెడతాయి, వేసవి శిబిరాలు నడుపుతాయి, బాలికా సంఘాలు పెడతాయి. అక్కడ ఆటలు ఉంటాయి కానీ ఆటకు నియమాలు ఉండవు. గట్టిగా అరిచినవాడిదే బంతి. ఈసారి నుంచి ఒక పేజీ కాగితం రాద్దాం. ప్రతి పిల్లకూ వంతు. ఎవరూ చూస్తూ కూర్చోవడానికి లేదు. చోట్లు మారాలి. బంతి బీరువా తాళం ఒక వారం ఆడపిల్లల దగ్గర, ఒక వారం మగపిల్లల దగ్గర. నీళ్లు మోసే పని కూడా అలాగే. ఒంట్లో బాగాలేని రోజున ఆడనని చెప్పే హక్కు, మర్నాడు తిరిగి వచ్చే హక్కు. అడుగు సరిగా పడని పిల్లకు దూరం తగ్గించాలి, పిల్లను తప్పించకూడదు. ఊరు దాటి పోటీలకు వెళ్తే ఒక ఆడ కార్యకర్త, గడియ ఉన్న గది. ఈ కాగితాన్ని పిల్లల చేతే గట్టిగా చదివించి గోడకు అంటించాలి. తప్పినప్పుడు వేలు పెట్టి చూపించే ధైర్యం వాళ్లకే వస్తుంది.

నేను తిరిగొచ్చాక మా సంఘం తరఫున ఒక ఊరి బడిలో ఇది మొదలుపెట్టాం. మొదటివారం మగపిల్లలు అలిగారు. రెండోవారం ఇద్దరు ఆడపిల్లల తల్లులు వచ్చి, మోకాళ్లు చెక్కుకుపోతే రేపు పెళ్లెలా అవుతుంది అని దెబ్బలాడారు. వాళ్లతో నేను హక్కుల గురించి మాట్లాడలేదు. మా అమ్మాయి ఖోఖో సంగతి చెప్పాను. ఒకావిడ మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఇంకొకావిడ గట్టు మీద కూర్చుని ఆట అయ్యేదాకా చూసి, చివర్లో వాళ్ల అమ్మాయి వంతు రాలేదని మాతో మళ్లీ దెబ్బలాడింది.

వచ్చే నవంబరు 14కి మీ మీ ఊళ్లలో ఆడించబోయే ఆటల నియమాలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. వీలైతే మాకు పంపండి. మావి మీకు పంపుతాం.